పార్టీ లేని అభిమానులు, పార్టీ ప్రైమరీ: కాలిఫోర్నియా నుంచి ఒక కేస్ స్టడీ

అమెరికా ఎన్నికల ప్రచారాల్లో నాది ఓటర్ల జాబితా పని. ఎవరు ఏ పార్టీ కింద నమోదయ్యారు, ఎవరికి ఏ బ్యాలట్ వస్తుంది, ఏ ఇంటికి వాలంటీర్‌ని ముందు పంపాలి అని చూడటం. ఈ కేసు కాలిఫోర్నియా బే ఏరియాలోని ఒక ఊరిది. 2016లోనూ 2020లోనూ డెమోక్రటిక్ ప్రైమరీలో బెర్నీ శాండర్స్ కోసం పనిచేసిన ఒక తెలుగు వాలంటీర్ బృందానిది. ప్రైమరీ అంటే పార్టీ తన అభ్యర్థి ఎవరో ఓటర్లతో తేల్చుకునే ముందస్తు ఎన్నిక. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు, గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. ఒక ఇండిపెండెంట్ నాయకుడు పెద్ద పార్టీ ప్రైమరీలో దిగితే అతని అవకాశాలు ఎక్కడ తేలతాయో ఈ కేసులో కనిపించినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

నేపథ్యం

శాండర్స్ 1981లో వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌కు కేవలం 10 ఓట్ల తేడాతో మేయర్ అయ్యారు. 1991 నుంచి ప్రతినిధుల సభలో, 2007 నుంచి సెనేట్‌లో ఉన్నారు. అన్నిచోట్లా గెలిచింది ఇండిపెండెంట్‌గానే. సభలో డెమోక్రాట్లతో కలిసి కూర్చుంటారు, కానీ పార్టీ సభ్యుడు కాదు. పైగా వెర్మాంట్‌లో ఓటర్లు పార్టీవారీగా నమోదయ్యే పద్ధతే లేదు. అంటే ఆయనకు ఓట్లేసినవాళ్ళకు పార్టీ గడి నింపే అవసరం ఎప్పుడూ రాలేదు.

మిగతా దేశం అలా లేదు. ప్రైమరీలో ఎవరు ఓటేయొచ్చో ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు. విస్కాన్సిన్, మిషిగన్ లాంటిచోట్ల ఎవరైనా వెళ్ళి వేయొచ్చు, 2016లో ఆ రెండూ శాండర్స్ గెలిచారు. న్యూయార్క్‌లో పార్టీ సభ్యులకే ఓటు. 2016 ఏప్రిల్ 19న జరిగిన అక్కడి ప్రైమరీలో ఓటేయాలంటే, అప్పటికే ఓటరుగా ఉన్నవాళ్ళు 2015 అక్టోబర్ 9లోపే పార్టీ మార్చుకుని ఉండాలి. డెమోక్రటిక్ అభ్యర్థుల తొలి టీవీ డిబేట్ జరిగింది అక్టోబర్ 13న. చాలామంది శాండర్స్ మాటలు మొదటిసారి పూర్తిగా విన్నది ఆ రాత్రే, అప్పటికి న్యూయార్క్‌లో తలుపు మూసి నాలుగు రోజులైంది.

కాలిఫోర్నియా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఏ పార్టీకీ చెందనివాళ్ళను అక్కడ 'నో పార్టీ ప్రిఫరెన్స్' అంటారు. ఓటర్లలో దాదాపు నాలుగో వంతు వాళ్ళే. డెమోక్రటిక్ పార్టీ తన ప్రెసిడెంట్ ప్రైమరీలో వీళ్ళను ఓటేయనిస్తుంది, కాకపోతే ఓటరే ఆ బ్యాలట్ అడిగి తీసుకోవాలి. అడగకపోతే వచ్చే బ్యాలట్‌లో ప్రెసిడెంట్ పోటీ ఉండదు, మిగతావన్నీ ఉంటాయి. తికమకంతా ఇక్కడే. 2010లో ఓటర్లు ఆమోదించిన ఒక ప్రతిపాదనతో గవర్నర్, సెనేటర్ లాంటి పదవులకు ప్రైమరీ అందరికీ కలిపి ఒకటే అయింది, పార్టీతో పని లేదు. అలా రెండు మూడు ఎన్నికల్లో ఓటేసినవాళ్ళు "మన రాష్ట్రంలో పార్టీ అక్కర్లేదు" అనే నమ్మకంతో స్థిరపడ్డారు. ప్రెసిడెంట్ పదవి ఒక్కదానికే పాత పద్ధతి మిగిలిందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

బృందం నా దగ్గరికి తెచ్చిన సమస్య

2016 మే నెల మధ్యలో బృందాన్ని నడిపే ఆవిడ ఫోన్ చేశారు. ఊళ్ళో అందరూ ఆవిడను అక్కా అనే పిలుస్తారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. "మన ఏరియాలో తెలుగువాళ్ళు, వాళ్ళ పిల్లలు దాదాపు అందరూ బెర్నీకే అంటున్నారండీ. జూన్ 7న వాళ్ళను పోలింగ్ బూత్‌లకు తీసుకెళ్ళడానికి కార్లు, టైమింగ్‌లు ప్లాన్ చేసి పెట్టండి, చాలు," అన్నారు. ఒక గూగుల్ షీట్ పంపారు. పేరు, ఫోన్ నంబరు, పక్కన ఆకుపచ్చ రంగు. ఆకుపచ్చ అంటే గట్టి మద్దతు. షీట్ మొత్తం ఆకుపచ్చగా ఉంది.

కార్ల ప్లాన్ వేసే ముందు ఆ పేర్లను ఓటర్ల జాబితాతో సరిచూడాలని పట్టుబట్టాను. కారణం ఒకటే. ఇండిపెండెంట్ అభ్యర్థిని ఇష్టపడేవాళ్ళలో పార్టీలంటే పడనివాళ్ళు ఎక్కువ. శాండర్స్ ప్రత్యర్థి, పార్టీ మనిషైన హిల్లరీ క్లింటన్ షీట్ నా చేతికొస్తే అందులో చాలా పేర్లకు పార్టీ నమోదు ముందే ఉంటుంది, ఎందుకంటే ఆమెను అభిమానించేవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ పార్టీ ఓటర్లు. శాండర్స్ షీట్‌కు ఆ భరోసా లేదు. ఆయన బలమే జాబితా దగ్గర బలహీనత అవుతుంది.

సరిచూస్తే షీట్ నాలుగు ముక్కలైంది. మొదటి ముక్కకు అసలు ఓటే లేదు: హెచ్-1బి వీసా మీదున్నవాళ్ళు, గ్రీన్ కార్డు వచ్చి పౌరసత్వం రానివాళ్ళు. అందరికంటే ఉత్సాహంగా ఉన్నది వీళ్ళే. వాలంటీర్‌గా పనిచేయడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఓటేయడానికి ఒప్పుకోదు. రెండో ముక్క డెమోక్రాట్లుగా నమోదైనవాళ్ళు, అక్క అనుకున్నదానికంటే బాగా తక్కువ. మూడోది, అన్నింటికంటే పెద్దది, నో పార్టీ ప్రిఫరెన్స్. నాలుగోది చిన్నదే కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది: అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ.

ఈ నాలుగో ముక్క గురించి కొంచెం ఆగి చెప్పాలి. అది నిజంగా ఒక పార్టీ పేరు. 1967లో పుట్టింది, 1968లో జాతి విభజనను సమర్థించిన జార్జ్ వాలెస్‌ను ప్రెసిడెంట్ అభ్యర్థిగా నిలబెట్టింది. నమోదు ఫారంలో పార్టీల పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి ఇదే పైన కనిపిస్తుంది. 'ఇండిపెండెంట్' అనే మాట చూసి టిక్ పెట్టేసి, తాము ఏ పార్టీకీ చెందమని అనుకునేవాళ్ళు రాష్ట్రమంతా ఉన్నారు. ఆ పార్టీ సభ్యుల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు పొరపాటున చేరినవాళ్ళేనని 2016 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ బయటపెట్టింది. కొత్తగా పౌరసత్వం తీసుకుని, ప్రమాణం చేసిన రోజే ఫారం నింపిన మన పెద్దవాళ్ళకు ఇది జరగడం చాలా తేలిక. వాళ్ళకు నో పార్టీ ప్రిఫరెన్స్ వాళ్ళకున్న వెసులుబాటు లేదు. వేరే పార్టీ సభ్యులు కాబట్టి డెమోక్రటిక్ బ్యాలట్ అడిగినా ఇవ్వరు.

ఏం చేశారు, ఎందుకు పనిచేయలేదు

నేను జాబితా సరిచూస్తుండగానే బృందం వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిప్పింది. "బెర్నీకి ఓటేయాలంటే మే 23లోపు డెమోక్రాట్‌గా రిజిస్టర్ అవ్వండి." దాని వెనకే ఇంకో మెసేజ్ మొదలైంది: "అక్కర్లేదు, కాలిఫోర్నియాలో ఇండిపెండెంట్లు కూడా వేయొచ్చు." రెండోది అబద్ధం కాదు. కానీ అది చదివి నిశ్చింతగా ఉండిపోయినవాళ్ళలో అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ వాళ్ళున్నారు. తాము ఇండిపెండెంట్లమే అని వాళ్ళ నమ్మకం మరి. అందరికీ ఒకే మెసేజ్ పంపితే, ఎవరికి అది వర్తించదో వాళ్ళే ముందు నమ్ముతారు.

ఫోన్ కాల్స్ కూడా అలాగే బెడిసికొట్టాయి. వాలంటీర్లకు ఇచ్చిన స్క్రిప్టులో రెండు ప్రశ్నలున్నాయి. బెర్నీకి వేస్తారా? వేస్తాం. రిజిస్టర్ అయ్యారా? అయ్యాం. థాంక్యూ అంకుల్, అని పెట్టేసేవాళ్ళు. షీట్‌లో ఇంకో గడి ఆకుపచ్చ అయ్యేది. రెండు జవాబులూ నిజమే. ఆ మనిషి ఓటు శాండర్స్‌కు చేరుతుందా లేదా అనేది ఆ రెండింటిలో ఎక్కడా లేదు.

అది కళ్ళారా చూసింది ఒక రిటైర్డ్ లెక్చరర్ గారింట్లో. కొడుకు దగ్గరికొచ్చి స్థిరపడ్డ పెద్దాయన, అమెరికాలో ప్రెసిడెంట్‌కు ఓటేయడం అదే మొదటిసారి. పోస్టల్ బ్యాలట్ వచ్చిందని సంబరంగా డైనింగ్ టేబుల్ మీద పరిచారు. ఆ ఏడాది సెనేట్ సీటుకు 34 మంది పోటీ. వాళ్ళలో కమలా హారిస్ పేరు వెతికి, "మన చెన్నై అమ్మాయి కూతురు," అని కోడలికి చూపించారు. తర్వాత కాగితం తిప్పారు. మళ్ళీ తిప్పారు. కళ్ళజోడు తుడుచుకుని పైనుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చారు. "ప్రెసిడెంట్ పేజీ రాలేదమ్మా. పోస్టు వాళ్ళు పోగొట్టారేమో," అన్నారు. పోగొట్టింది ఎవరూ లేదు. ఆయన నో పార్టీ ప్రిఫరెన్స్. డెమోక్రటిక్ బ్యాలట్ కావాలా అని కౌంటీ ఎన్నికల ఆఫీసు ముందే ఒక కార్డు పంపింది. అది అడ్వర్టైజ్‌మెంట్ కాగితాల్లో కలిసిపోయి చెత్తబుట్టలోకి వెళ్ళింది.

ఏది పనిచేసింది

ఆ ఇంటి నుంచి వచ్చాక స్క్రిప్టు మొత్తం పక్కన పెట్టించి ఒకే ప్రశ్న ఉంచాను: "మీ బ్యాలట్ కవరు తెరిచి చూడండి, అందులో ప్రెసిడెంట్ పదవి ఉందా?" ఎవరికి వేస్తారని అడగొద్దన్నాను. అక్కకు మొదట నచ్చలేదు. "ప్రచారం చేస్తూ మన క్యాండిడేట్ పేరే ఎత్తకపోతే ఎలా అండీ?" అన్నారు. షీట్‌లో ఉన్నవాళ్ళ మనసు మార్చాల్సిన పనిలేదు, వాళ్ళ చేతిలో కాగితం మార్చాలి అని చెప్పాను. ఉన్న సమయంలో రెండూ చేయలేం. మనసు ఇప్పటికే మనవైపు ఉన్నప్పుడు ప్రతి నిమిషం కాగితానికే పెట్టాలి.

రెండో నిర్ణయం వరస గురించి. బృందం సహజంగా పెద్ద ముక్కతో, అంటే నో పార్టీ ప్రిఫరెన్స్ వాళ్ళతో మొదలుపెడదామంది. నేను చిన్న ముక్కతో మొదలుపెట్టించాను. అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ వాళ్ళకు మే 23 దాటితే ఇక ఏ దారీ లేదు. ఎన్నికల రోజున నమోదు చేసుకునే సదుపాయం కాలిఫోర్నియాలో 2017లో కానీ రాలేదు. నో పార్టీ ప్రిఫరెన్స్ వాళ్ళకు మే 31 దాకా సరైన పోస్టల్ బ్యాలట్ తెప్పించుకునే వీలుంది. అదీ దాటితే జూన్ 7న పాత బ్యాలట్, కవరు పట్టుకుని బూత్‌కెళ్ళి, అవి అప్పగించి డెమోక్రటిక్ బ్యాలట్ అడగొచ్చు. ఎంతమంది ఉన్నారని కాకుండా ఎవరి గడువు ముందు ముగుస్తుందో చూసి వరస పెట్టాం.

అమెరికన్ ఇండిపెండెంట్ వాళ్ళ ఇళ్ళకు ఫోన్లు చేయలేదు, మనుషులే వెళ్ళారు. "మీరు ఫలానా పార్టీలో ఉన్నారు" అని ఫోన్‌లో చెబితే ఎవరూ నమ్మరు, కోపం కూడా వస్తుంది. పక్కన కూర్చుని, వాళ్ళ ఫోన్‌లోనే కౌంటీ వెబ్‌సైట్ తెరిపించి, వాళ్ళ వివరాలు వాళ్ళతోనే టైప్ చేయించి, పార్టీ అన్నచోట ఏముందో వాళ్ళే చదివేలా చేస్తే రెండో మాట లేకుండా మార్చుకున్నారు. ఈ పనికి అందరికంటే బాగా పనికొచ్చింది ఓటులేని హెచ్-1బి పిల్లలు. వారాంతాలు, సాయంత్రాలు అన్నీ దీనికే ఇచ్చారు. తమకు లేని ఓటు ఇంకొకరిది వృథా కాకూడదని వాళ్ళు పడ్డ తపన నేనెప్పటికీ మర్చిపోను.

అయినా కొందరు చేజారారు. అప్పటికే ప్రెసిడెంట్ పోటీ లేని బ్యాలట్ నింపి పోస్టులో వేసేసినవాళ్ళకు ఏమీ చేయలేకపోయాం. జూన్ 6 సాయంత్రం, కాలిఫోర్నియా ఓటింగ్‌కు ముందు రోజు, క్లింటన్‌కు కావాల్సినంతమంది డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు, వచ్చేశారని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ప్రకటించింది. ఆ లెక్కలో సూపర్ డెలిగేట్లు, అంటే ఓటర్లు ఎన్నుకోని పార్టీ పెద్దలు కూడా ఉన్నారు. మర్నాడు పొద్దున్నుంచీ ఫోన్లు: "అయిపోయిందంట కదా, ఇంకెందుకు?" బ్యాలట్ మార్చుకోవడానికి బూత్ దాకా వెళ్ళాల్సినవాళ్ళలోనే ఈ నీరసం ఎక్కువ కనిపించింది. అదనంగా ఒక అడుగు వేయాల్సినవాడే ముందు ఆగిపోతాడు.

తుది లెక్కలో కాలిఫోర్నియాలో క్లింటన్‌కు 53.1 శాతం, శాండర్స్‌కు 46 శాతం. దీన్నంతా బ్యాలట్ తికమక మీదికి నెట్టేసినవాళ్ళతో నేను ఏకీభవించను. దేశం మొత్తం మీద ఆమెకు ఆయనకంటే 30 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో మార్చిలో జరిగిన కాకస్‌లలో, అంటే ఓటర్లు స్వయంగా కూడి మద్దతు తేల్చే సభల్లో, శాండర్స్‌కు 70 శాతం దాటింది. అదే రాష్ట్రంలో మేలో లెక్కకు రాని ప్రైమరీ పెడితే ఎంతో ఎక్కువమంది ఓటేశారు, గెలిచింది క్లింటన్. ఒకచోట రూలు ఆయన్ని ముంచితే ఇంకోచోట రూలే తేల్చింది. మా ఊరి షీట్ చెప్పేది అంతకంటే చిన్న సంగతి: ఆయన ఓట్లని మనం లెక్కేసుకున్నవాటిలో గణనీయమైన భాగం ఓట్లుగా మారే స్థితిలోనే లేదు.

2020: అదే బృందం, ముందుగానే

ఈసారి 2019 శరదృతువులోనే కూర్చున్నాం. షీట్‌లో రంగులు తీసేయించాను. వాటి స్థానంలో: పౌరసత్వం ఉందా, ఏ పార్టీ కింద నమోదు, పోస్టల్ ఓటరా, కార్డు తిప్పి పంపారా. అభిమానం గురించి గడి చివర్లో పెట్టాం.

పెద్ద చర్చ జరిగింది నో పార్టీ ప్రిఫరెన్స్ వాళ్ళ గురించే. అందరినీ డెమోక్రాట్లుగా మార్పించేస్తే తలనొప్పి వదులుతుంది కదా అని అక్క ఆలోచన. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కుర్రాడు ఒప్పుకోలేదు. "ఆయన పేరు పక్కన 'ఐ' ఉంటుంది. నన్నేమో 'డి' అవమంటారు. ఇదేం న్యాయం?" అన్నాడు. నాకు అది కొట్టిపారేసే మాట అనిపించలేదు. అతను శాండర్స్‌ను ఇష్టపడటానికి కారణమే అది. 2018లో డెమోక్రటిక్ జాతీయ కమిటీ కొత్త రూలు పెట్టింది: ప్రెసిడెంట్ అభ్యర్థి తాను డెమోక్రాట్‌నని, గెలిస్తే డెమోక్రాట్‌గానే పనిచేస్తానని రాసివ్వాలి. 2019 మార్చిలో శాండర్స్ దానిమీద సంతకం పెట్టారు. అదే సమయంలో 2024 సెనేట్ ఎన్నికకు ఇండిపెండెంట్‌గా కాగితాలు దాఖలు చేసుకున్నారు. ఇది చెప్పి, ఆయనా ఒక ఎన్నిక కోసం ఒక కాగితం మీద సంతకం పెట్టాడు, నువ్వూ ఓటయ్యాక మళ్ళీ మార్చుకోవచ్చు అన్నాను. కుర్రాడు అప్పటికీ మారలేదు. సరే, వదిలేశాం. కార్డు తిప్పి పంపితే అతని ఓటు పడుతుంది. పార్టీ మారమని ఒత్తిడి పెడితే కార్డు కూడా పంపడు. కాబట్టి తప్పనిసరిగా మారాల్సింది అమెరికన్ ఇండిపెండెంట్ వాళ్ళు మాత్రమే, మిగతావాళ్ళ ఇష్టం అని తేల్చుకున్నాం.

కార్డులు వచ్చే రోజుల్లో ఇంటింటికీ వెళ్ళి, చెత్తబుట్టలోకి పోకముందే కార్డు వెతికించి, అప్పటికప్పుడు నింపించి పోస్టులో వేయించాం. తప్పిపోయినవాళ్ళకు ఈసారి ఎన్నికల రోజున కూడా పార్టీ మార్చుకునే దారి ఉంది, కానీ అంతదాకా వెళ్ళాల్సి వచ్చింది కొద్దిమందే. మార్చి 3న శాండర్స్ కాలిఫోర్నియా గెలిచారు, దాదాపు 36 శాతంతో. ప్రత్యర్థి జో బైడెన్‌కు 28 శాతం దగ్గర. ఈ గెలుపు మా పనివల్ల అని చెప్పను. ఈసారి ఓట్లు చాలామంది మధ్య చీలాయి, లాటినో ఓటర్లలో ఆయన ప్రచారం చాలా ముందే వేళ్ళూనుకుంది. మా షీట్‌కు సంబంధించినంతవరకు, ప్రెసిడెంట్ పేజీ రాలేదన్న ఫోన్ 2020లో దాదాపు రాలేదు.

ఈ కేసు నుంచి నేను వాడుతున్నవి

ఇండిపెండెంట్ అభ్యర్థి తరఫున ఎవరైనా నన్ను పిలిస్తే ఇప్పుడు సర్వేలు అడగను. ఆ రాష్ట్రంలో పార్టీ మార్చుకునే గడువు ఎప్పుడు, పార్టీలేనివాళ్ళు ఓటేయొచ్చా, వేయాలంటే అదనంగా ఏం చేయాలి అని అడుగుతాను. ప్రచారం ఊపందుకునే సమయానికి ఆ గడువు దాటిపోయే రాష్ట్రాలను ముందే పక్కకు తీసి, వాటిలో నమోదు పని అభ్యర్థి ప్రకటన రోజు నుంచే మొదలవ్వాలంటాను. సభకు వచ్చిన జనాన్ని ఓటు హక్కు తేలేదాకా లెక్కలోకి తీసుకోను. మన తెలుగు సభల్లో అయితే ఇది మరీ ముఖ్యం, హాలు నిండినా పౌరులు సగం కూడా ఉండకపోవచ్చు.

అభ్యర్థి తాను పార్టీలో చేరినంత మాత్రాన ఇవన్నీ సర్దుకోవు. మైకేల్ బ్లూంబర్గ్ 2007లో రిపబ్లికన్ పార్టీ వదిలి ఇండిపెండెంట్ అయ్యారు, 2018లో డెమోక్రాట్‌గా నమోదయ్యారు, 2020 ప్రైమరీలో విపరీతంగా డబ్బు పోశారు. గెలిచింది పసిఫిక్‌లోని చిన్న అమెరికా దీవుల ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే.

జాబితా పని ఎక్కడ ఆగిపోతుందో కూడా 2020 చూపించింది. ఫిబ్రవరి 26న సౌత్ కరోలినా నేత జిమ్ క్లైబర్న్ బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. 29న బైడెన్ ఆ రాష్ట్రాన్ని భారీ తేడాతో గెలిచారు. రెండు రోజుల్లో పోటీలో ఉన్న మరో ఇద్దరు, బుటిజెజ్, క్లోబుషార్ తప్పుకుని బైడెన్ వెనక నిలబడ్డారు. మార్చి 3న ఓటేసిన 14 రాష్ట్రాల్లో పది బైడెన్‌వి. 2016లో శాండర్స్‌ను దెబ్బతీసిన సూపర్ డెలిగేట్లకు తొలి రౌండు ఓటు లేకుండా 2018లోనే పార్టీ రూలు మార్చింది. ఆ మార్పు ఇక్కడ అక్కరకు రాలేదు, ఎందుకంటే ఈసారి పార్టీ పెద్దల మాట విని కదిలింది ఓటర్లే. దశాబ్దాలుగా ఆ పార్టీతో కలిసి నడిచిన సౌత్ కరోలినాలోని నల్లజాతి పెద్దలకు తమ మనిషి ఎవరో తెలుసు. నా దగ్గరున్న షీట్‌లో దానికి గడి లేదు. ఏప్రిల్ 8న శాండర్స్ ప్రచారం ఆపేసినప్పుడు అక్క ఫోన్ చేసి, "మనం చేయాల్సింది చేశాం కదండీ," అన్నారు. మా ఊళ్ళో చేశాం. సౌత్ కరోలినాలో చేయాల్సిన పని 2019లో కాదు, అంతకు ఇరవై ఏళ్ళ ముందు మొదలవ్వాల్సింది.